బ్రేకు మాస్టారి విందు

“...సరే, నువ్వు తొక్కలేదనే అనుకుందాం. మరి నా కాలి కింద పెడలు దానంతటదే లోపలికెలా పోయింది నాన్నా?”

“గతుకు.”

“గతుకులో పడితే పెడలు కిందికి పోతుందా?”

“పాత కారు. పోతుంది.”

“మొన్నా పోయింది, అటుమొన్నా పోయింది. నువ్వు పక్కన కూర్చున్నప్పుడే ఈ కారుకి ముసలితనం గుర్తొస్తుందా?”

వెనక సీట్లో మేనమామ నవ్వాడు. అతని పక్కన కూర్చున్న అతని అక్క, అంటే అమ్మాయి తల్లి, నవ్వలేదు. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు ఇవాళే కొత్తగా వేసినట్టు కిటికీలోంచి చూస్తూ ఉంది.

ఆ కారు డ్రైవింగ్ స్కూలుది. నెత్తిన పసుపు బోర్డు ఉంటుంది. ముందు సీట్లు రెండింటికీ చెరో బ్రేకు ఉంటుంది. ఒకటి నేర్చుకునేవాళ్ళది, రెండోది నేర్పేవాళ్ళది. రెండోది తొక్కితే మొదటిది కూడా దానితోపాటు కిందికి పోతుంది. ఆ సాయంత్రం బండి నడుపుతున్నది నేర్పేవాడే కాబట్టి, ఆయన రోజూ కూర్చునే సీట్లో ఆయన కూతురు కూర్చుంది. రెండో బ్రేకు ఆమె ముందే ఉంది. ఆమె కాళ్ళు రెండూ వెనక్కి ముడుచుకుని, దానికి వీలైనంత దూరంగా పెట్టుకుంది.

ఆ పొద్దునే ఆమె డ్రైవింగ్ పరీక్షలో మూడోసారి తప్పింది.

నలుగురూ వెళ్తున్నది ఆమె పాసైనందుకు విందుకి. ఊళ్ళో అందరూ చెప్పుకుంటున్న మెక్సికన్ రెస్టారెంటులో మేనమామ చాలా ముందే టేబులు చెప్పి ఉంచాడు. అక్కడ టేబులు దొరకడం లైసెన్సు దొరకడం కన్నా కష్టమని అతని అభిప్రాయం. పొద్దున కబురు తెలిశాక మానేద్దామా అని అక్క ఫోన్ చేస్తే, “ఫెయిలైనవాళ్ళకి ఆకలెయ్యదా ఏంటక్కా?” అన్నాడు. దాంతో బయల్దేరారు.

అమ్మాయి నాన్నని ఊళ్ళో బ్రేకు మాస్టారంటారు. ఎదురుగానే అంటారు. ఆయన దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంటాడు. స్కూల్లో చేరకముందు పేపర్ల వ్యాను నడిపేవాడు. చేరిన కొత్తలో ఒకావిడకి మలుపు తిప్పడం నేర్పుతున్నాడు. ఆవిడ మందుల షాపాయన భార్య. ఆవిడ మలుపు బాగానే తిప్పింది, కానీ తిప్పడం ఆపలేదు. మాస్టారు మర్యాదకి ఒక్క క్షణం ఆగి చూశాడు. ఆ క్షణంలో కారు మూలనున్న పూలకొట్లోకి వెళ్ళింది. ఎవరికీ ఏమీ కాలేదు. బకెట్లు పగిలాయి, చామంతులు కారు లోపలిదాకా వచ్చాయి. అప్పటినుంచి మాస్టారి కుడికాలు మర్యాద మానేసింది.

అలాగని ఆయన చెడ్డ గురువు కాదు. మాంసం కొట్టాయన, పళ్ళ డాక్టరు, రిటైరైన లెక్కల టీచరు, పెళ్ళి కుదిరిన జంటలు, విడిపోయిన జంటలు, అందరూ ఆయన దగ్గరే నేర్చుకున్నారు. అందరూ పాసయ్యారు. వాళ్ళతో ఆయన అవసరమైనప్పుడే బ్రేకు తొక్కుతాడు. సొంత కూతురి విషయంలో ఆ అవసరం కాస్త ముందుగా వచ్చేది. వీధి చివర కుక్క లేచి ఒళ్ళు విరుచుకుంటే చాలు, పెడలు కిందికి పోయేది. ఇంట్లో భోజనాల బల్ల కింద చాప ఆయన కుర్చీ ముందు ఒక్కచోటే అరిగి చిల్లిపడేది. చాపల నాణ్యత పడిపోయిందని ఆయన అంటుండేవాడు. భార్య ఏమీ అనకుండా కొత్త చాప తెచ్చేది.

ఆమెకీ డ్రైవింగ్ వచ్చు. బేకరీ వ్యాను నడుపుతుంది. తెల్లవారకముందే బ్రెడ్డు ట్రేలు ఎక్కించుకుని హాస్టళ్ళకీ టీకొట్లకీ వేసి వస్తుంది. పెళ్ళికి ముందే వాళ్ళ అన్నయ్య దగ్గర నేర్చుకుంది. ఒకసారి, కూతురు రివర్సు నేర్చుకుంటున్న రోజుల్లో, “అద్దం ఒక్కటే కాదే, తలకూడా తిప్పి చూడు” అని ఒక్క మాట అంది. ఆ రాత్రి మాస్టారు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, పడుకునేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు.

కూతురు ఫిజియోథెరపీ చదివింది. ఒక క్లినిక్కు వాళ్ళు ఆమెకి ఉద్యోగం ఇచ్చారు. పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నవాళ్ళు, తుంటి విరిగినవాళ్ళు, ఇలా క్లినిక్కుకి రాలేనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కాళ్ళూ చేతులూ ఆడించాలి. కారు క్లినిక్కుదే. లైసెన్సు ఆమెది ఉండాలి. నెలాఖరుదాకా ఆగుతామన్నారు. ఆ తర్వాత జాబితాలో రెండో అమ్మాయిని పిలుస్తామని చాలా మర్యాదగా చెప్పారు. ఈలోగా మిగిలింది ఒక్క పరీక్ష, వచ్చే శుక్రవారం.

మూడుసార్లూ ఆమె తప్పింది ఒకే కారణానికి. పరీక్షలో అధికారి మాస్టారి సీట్లో చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఆయన బ్రేకు తొక్కాల్సివస్తే పరీక్ష అక్కడితో సరి. ఆ పొద్దున జీబ్రా గీతల దగ్గర ఒకామె పసిపిల్లని చిన్న చక్రాల బండిలో పెట్టుకుని రోడ్డు దాటుతోంది. కూతురికి కనిపించింది. యాక్సిలరేటరు మీంచి కాలు తీసింది. తీసి, ఎదురుచూసింది. బ్రేకు అధికారి తొక్కాడు.

“కనిపించలేదా అమ్మా?” అని అడిగాడు.

“కనిపించిందండీ. ఆగుతుందనుకున్నాను.”

“ఎవరు, ఆవిడా?”

“కాదండీ. కారు.”

అధికారి చాలాకాలంగా ఆ ఉద్యోగంలో ఉన్నవాడు. ఏమీ రాసుకోకుండా కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడట.

*

రెస్టారెంటు గోడలకి పసుపు రంగు, ఆ పసుపు మీద ముళ్ళచెట్ల బొమ్మలు వేశారు. పెద్ద అంచుల గడ్డిటోపీలు మేకులకి వేలాడుతున్నాయి. బాకాలు ఊదే సంగీతం ఎంత గట్టిగా పెట్టారంటే, పక్క టేబులువాళ్ళ పోట్లాట వినాలన్నా ముందుకి వంగాల్సి వచ్చింది. జనం తలుపు దాకా నిలబడి ఉన్నారు. వాళ్ళని దాటుకుని తమ టేబులు దగ్గరికి వెళ్తుంటే మేనమామ కాస్త ఛాతీ విరిచి నడిచాడు.

వడ్డించే ఆవిడ నడివయసు మనిషి. కొప్పులో పెన్సిలు దోపుకుని ఉంది. కూర్చోగానే బుట్టెడు మొక్కజొన్న చిప్సూ మూడు గిన్నెల్లో పచ్చళ్ళలాంటివీ తెచ్చి పెట్టింది. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది, ఒకటి నల్లటిది.

మాస్టారు నల్లటి గిన్నె తీసి కూతురికి అందనంత దూరంగా, తన మోచేతి దగ్గర పెట్టుకున్నాడు. ఎర్రది ఆమె ముందుకి జరిపాడు.

“అది నాక్కావాలి,” అంది కూతురు.

“కారం.”

“నువ్వు తిన్నావా?”

“రంగు చూస్తే తెలియట్లేదా?”

ఆమె ఎర్రదాంట్లో చిప్సు ముంచి నోట్లో పెట్టుకుంది. రెండు క్షణాలు బాగానే ఉంది. తర్వాత కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి, ముక్కు ఎర్రబడింది, దగ్గు వచ్చింది. మాస్టారు గ్లాసు ఆమె పెదవుల దాకా తీసుకెళ్ళాడు. ఆమె చేత్తో గ్లాసు పక్కకి నెట్టింది. దగ్గు తగ్గాక ఇంకో చిప్సు తీసుకుని మళ్ళీ ఆ ఎర్రదాంట్లోనే ముంచింది.

మేనమామ చెయ్యి చాచి నల్లటిది రుచి చూశాడు. “బావా, ఇందులో కారం అన్న మాటే లేదు. కాల్చిన టమాటా. చంటిపిల్లలకి పెట్టొచ్చు.”

“ఒక్కో గిన్నె ఒక్కోలా ఉంటుంది,” అన్నాడు మాస్టారు.

చిప్సు మాత్రం చాలా బాగున్నాయి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గాని, బుట్ట ఖాళీ అయ్యింది. అడక్కుండానే ఇంకో బుట్ట వచ్చింది.

వడ్డించే ఆవిడ కొప్పులోంచి పెన్సిలు తీసి కూతురి వైపు చూసింది. “చెప్పమ్మా, నీకేం కావాలి?”

“ఆమెకి కూరగాయల టాకోలు,” అన్నాడు మాస్టారు. “కారం లేకుండా. మరీ వేడిగా కూడా వద్దు.”

పెన్సిలు కదల్లేదు. ఆవిడ ఇంకా కూతురినే చూస్తోంది.

“నాకు ఫహీతా,” అంది కూతురు. “ఇనప పెనంతో పాటు తెస్తారే, అది.”

“ఆ పెనం చాలా వేడిగా ఉంటుంది.”

“అందుకేనండీ జనం అడుగుతారు,” అని ఆవిడ రాసుకుంది.

తల్లి సూపు చెప్పింది. మేనమామ వేళ్ళు మడుస్తూ చాలా చెప్పాడు. మాస్టారు బరిటో చెప్పాడు. మెనూ కార్డు మీద బొమ్మలో అది రొట్టెలో గట్టిగా చుట్టి, రెండు వైపులా మూసి, క్షేమంగా కనిపించింది.

తిండి వచ్చేదాకా మేనమామే మాట్లాడాడు. లైసెన్సుదేముంది, తన స్నేహితుడు ఆరుసార్లు తప్పాడని, ఇప్పుడు అంబులెన్సు నడుపుతున్నాడని చెప్పాడు. “ఆరుసార్లు తప్పినవాడి అంబులెన్సు ఎవరెక్కుతార్రా?” అంది అక్క. “ఎక్కేవాళ్ళకి అడిగే ఓపికుంటుందా అక్కా?” అన్నాడు. కూతురు నవ్వింది. ఆ రోజు మొదటిసారి నవ్వింది. మాస్టారు కూడా నవ్వబోయి, వంటగది తలుపు తెరుచుకోవడం చూశాడు.

వడ్డించే ఆవిడ ఇనప పెనం ఎత్తి పట్టుకుని వస్తోంది. పెనం చిటపటలాడుతోంది. దాని పొగ ఆవిడ మొహాన్ని కప్పేసింది. పొగలో ఒక్క పెన్సిలు మాత్రం కనిపిస్తోంది. ఆవిడ కుర్చీల మధ్యనుంచి, ఎదురొచ్చే జనాన్ని భుజంతో పక్కకి తప్పిస్తూ, అలవాటైన వేగంతో వస్తోంది. సూటిగా కూతురి వైపు వస్తోంది.

మాస్టారు తొక్కాడు.

ఆ టేబులుకి నడిమధ్య ఒకటే ఇనప కాలు. దాన్ని మాస్టారి బూటు బలంగా తన్నింది. టేబులు జానెడు ముందుకి జరిగి ఎదురుగా కూర్చున్న మేనమామ పొట్టకి తగిలింది. మేనమామ నీళ్ళ గ్లాసూ, ఎర్ర గిన్నే, నల్ల గిన్నే అతని ఒళ్ళో పడ్డాయి. ఆకుపచ్చ గిన్నె అంచుదాకా వెళ్ళి, అక్కడ ఆలోచించుకుని ఆగింది.

వడ్డించే ఆవిడ ఆగాల్సిన చోటే ఆగింది. పెనం దించబోయిన చోట టేబులు లేదు. ఒక్క క్షణం పెనాన్ని గాలిలోనే పట్టుకుని, టేబులు ఎక్కడికి వెళ్ళిందో చూసుకుని, అక్కడ పెట్టింది. కూతురి చేతికీ ఆ పెనానికీ మధ్య రెండంగుళాల ఎడం ఉంది. కూతురు చెయ్యి తనే వెనక్కి తీసుకుంది.

మేనమామ తన ఒళ్ళోకి చూసుకున్నాడు. తర్వాత తలెత్తాడు.

“బావా, ఇంతకీ నేను ఏ రోడ్డు దాటుతున్నాను?”

“టేబులు కాలు వదులుగా ఉంది,” అన్నాడు మాస్టారు.

“టేబుళ్ళు కొత్తవండీ,” అంది వడ్డించే ఆవిడ. “పోయిన వారమే వచ్చాయి.” గుడ్డ తెస్తానని వెళ్ళింది.

మాస్టారు వంగి టేబులు కిందికి చూశాడు. కుడికాలు ఇంకా చాచే ఉంది. బూటు ముందుభాగం ఇనప కాలికి ఆనుకుని, ఇంకా అదుముతూనే ఉంది. ఆయన దాన్ని బస్సులో పక్కవాడి సంచిని చూసినట్టు చూశాడు. తర్వాత మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు. పైకి లేచేసరికి భార్య ఆయన్నే చూస్తోంది.

“నేను మీతో ఎప్పుడూ అనలేదు,” అంది. “మన చాపలు మంచివేనండీ.”

మేనమామ నడుముకి గుడ్డ కట్టుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. కూతురు “చూశావా” అంటుందని మాస్టారు ఎదురుచూశాడు. ఆమె పలచటి మొక్కజొన్న రొట్టె చేతిలోకి తీసుకుని, పెనం మీంచి ఉల్లిపాయలూ మిరప ముక్కలూ మాంసమూ అందులో వేసుకుంది. మడిచింది. ఒక కొరుకు కొరికింది. నోరు కాలి ఊదుకుంది. ఇంకో కొరుకు కొరికింది.

“నాన్నా, ఒకటి అడగనా?”

“అడుగు.”

“ఉద్యోగంలో చేరాక పేషెంట్ల ఇళ్ళకి వెళ్తానా. అప్పుడు నా పక్క సీట్లో ఎవరుంటారు?”

“ఎవరూ ఉండరు.”

“మరి నేను కాలు పెడలు మీద పెట్టుకుని ఎవరికోసం చూడాలి?”

మాస్టారు బరిటో కొయ్యడం మొదలుపెట్టాడు. చుట్ట విప్పుకుంది. బొమ్మలో కనిపించని బీన్సు, చల్లారిన అన్నం, వెన్నలాంటిదేదో ప్లేటు నిండా పరుచుకున్నాయి. ఆయన వాటిని ఫోర్కుతో మళ్ళీ చుట్టలోకి తోశాడు. అవి మళ్ళీ బయటికి వచ్చాయి.

“బాగుందా?” అంది భార్య.

“బీన్సు మట్టిలా ఉన్నాయి.”

“నా సూపు చాలా బాగుంది,” అందామె. “కాస్త రుచి చూడండి.” ఆయన చూశాడు. నిజంగానే బాగుంది. నిమ్మరసం పులుపు, కొత్తిమీర వాసన, అడుగున మెత్తగా ఉడికిన కోడి ముక్కలు. ఆమెకి ఇంకో స్పూను కూడా మిగల్చకుండా తింటున్నానని ఆయనకి గిన్నె ఖాళీ అయ్యాక తెలిసింది.

“మొత్తం తినేశాను,” అన్నాడు.

“చూస్తూనే ఉన్నాను.”

మేనమామ తడిసిన ప్యాంటుతో తిరిగొచ్చి తన పళ్ళేల మీద పడ్డాడు. కొన్ని అద్భుతం అన్నాడు, కొన్ని అధ్వానం అన్నాడు, రెండు రకాలూ సమానంగా తిన్నాడు. కూతురు పెనం ఖాళీ చేసింది. ఎక్కడా చెయ్యి కాల్చుకోలేదు. మాస్టారు ఆమె చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు. ఆమె పెనం దగ్గరికి చెయ్యి చాచినప్పుడల్లా ఆయన రెండు పాదాలూ ఒకదాని మీద ఒకటి వేసుకుని, పైపాదంతో కిందిదాన్ని తొక్కిపట్టి ఉంచాడు.

అప్పుడు బాకాల సంగీతం ఆగింది. వంటగదిలోంచి ఐదుగురు వరసగా వచ్చారు. ముందు వడ్డించే ఆవిడ, ఆవిడ చేతిలో గడ్డిటోపీ, వెనకవాళ్ళ చేతుల్లో గిలక్కాయలు, చివరి అతని చేతిలో దాల్చినచెక్క పొడీ పంచదారా జల్లిన వేపుడు చురోల పళ్ళెం. మేనమామ మొహం తెల్లబడింది.

“చచ్చాం,” అన్నాడు. “టేబులు చెప్పినప్పుడు ఎందుకండీ అనడిగితే, లైసెన్సు వచ్చిన సందర్భం అన్నాను. వద్దని చెప్పడం మర్చిపోయాను.”

“లైసెన్సు వచ్చింది ఎవరికండీ?” అంది వడ్డించే ఆవిడ, అందరికీ వినిపించేలా.

చుట్టుపక్కల టేబుళ్ళవాళ్ళు కుర్చీలు తిప్పుకుని చూస్తున్నారు. మాస్టారు ఇప్పుడు ఏదో ఒకటి చెప్పి దీన్ని ఆపాలనుకున్నాడు. నోరు తెరిచాడు. కూతురి వైపు చూసి మూసుకున్నాడు.

“నాకేనండీ,” అంది కూతురు. “కానీ రాలేదు. మూడోసారి ఫెయిలయ్యాను.”

ఐదుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. దీనికి వాళ్ళ దగ్గర పాట లేదు.

“మళ్ళీ ఎప్పుడమ్మా పరీక్ష?”

“శుక్రవారం.”

“అయితే ముందే పాడేస్తాం,” అంది ఆవిడ. “శుక్రవారం మాకు రద్దీ ఎక్కువ.”

టోపీ కూతురి నెత్తిన పెట్టారు. అది చెవుల దాకా దిగింది. పాట పాడారు, గిలక్కాయలు ఆడించారు. మొత్తం హాలు చప్పట్లు కొట్టింది. కూతురు టోపీ అంచు వెనక్కి ఎత్తి, పాడినవాళ్ళందరికీ థాంక్సు చెప్పి, చురో విరిచి మొదటి ముక్క మేనమామకీ రెండోది అమ్మకీ ఇచ్చింది. మూడోది చేత్తో పట్టుకుని నాన్న వైపు చాచింది. చాచి అక్కడే ఆపింది. ఆయనే ముందుకి వంగి అందుకున్నాడు. చురో వేడిగా ఉంది. ఆయన ఊదుకోకుండా నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

బయటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. కార్ల మధ్య ఇరుకు సందులో పసుపు బోర్డు కారు వంకరగా ఇరుక్కుని ఉంది. వెనక ఒక వ్యాను, పక్కన ఒక స్తంభం, ముందు రోడ్డు మీద తెంపు లేకుండా బండ్లు ఉన్నాయి. మేనమామ అలవాటుగా వెనక తలుపు తెరిచాడు. తల్లి అతని వెనక నిలబడింది. కూతురు నాన్న సీటు పక్క తలుపు దగ్గరికి వెళ్ళి, చెయ్యి పెట్టి, ఆగింది.

మాస్టారు తాళంచెవి జేబులోంచి తీశాడు. స్తంభాన్ని ఒకసారి చూశాడు. వ్యానుని ఒకసారి చూశాడు. కారు చుట్టూ తిరిగి వచ్చి తాళంచెవి కూతురి చేతిలో పెట్టాడు.

“ఇంటికి నువ్వు నడుపు. పక్కన మీ అమ్మ కూర్చుంటుంది,” అన్నాడు. “శుక్రవారం దాకా అమ్మే కూర్చుంటుంది. నేను బస్సులో వస్తాను.”